ఇల్లడ సొమ్ము

విండోస్ కంప్యూటర్లో డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు అప్పగించాక ప్రతి ఫైలు పక్కనా ఒక చిన్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఆకుపచ్చ టిక్కు ఉంటే ఫైలు ఇక్కడా ఉంది, కంపెనీ సర్వర్లోనూ ఉంది. నీలిగీతల మబ్బు బొమ్మ ఉంటే ఇక్కడ మిగిలింది పేరు మాత్రమే. సైజు చూపిస్తుంది, తారీఖు చూపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది కూడా. నెట్ తీసేసి మళ్లీ క్లిక్ చేస్తేగానీ లోపల సరుకు లేదని తెలియదు. డిస్కులో జాగా కోసం ఒక్క మీట నొక్కితే వేల ఫోటోలు ఇలా ఉత్త పేర్లుగా మారిపోతాయి, ఏదీ పోయినట్టు అనిపించదు. కానీ ఒక సొమ్ము ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లింది. అలా వెళ్లినప్పుడు ఇచ్చినవాడికి ఏ హక్కు మిగులుతుంది, పుచ్చుకున్నవాడి మీద ఏ బాధ్యత పడుతుంది అన్న సంగతిని ధర్మశాస్త్రాలు శతాబ్దాల కిందటే తర్కించాయి. ఆ తర్కాన్ని ఇక్కడికి తెస్తే కంపెనీల మీద ఒక ఫిర్యాదు తప్పకుండా తేలుతుంది. దానికంటే ఇబ్బందిపెట్టే సంగతి ఇంకొకటి తేలుతుంది: మన ఫోల్డర్లలో ఉన్నదాంట్లో చాలాభాగం మనది కాదు. ఇతరులు మన దగ్గర ఉంచినది. దాన్ని మూడో చేతికిచ్చే ముందు మనం అడగాల్సినవాళ్లు ఉన్నారు.

ముందుగా ఒక పొగడ్తను పక్కన పెట్టాలి. డిస్కు ఖాళీ చేసుకుని, అన్నీ ఎక్కడో ఉంచి, తేలికపడ్డ పరికరంతో బతకడం అపరిగ్రహానికి దగ్గరి సంగతని కొందరంటారు. అపరిగ్రహాన్ని మహావ్రతాల్లో చేర్చిన జైనులు గృహస్థుకి కూడా దాన్ని అణువ్రతంగా పెట్టారు. ఇంత భూమి, ఇంత బంగారం, ఇంత ధాన్యం, అంతకు మించి ఉంచుకోనని తనకు తానే హద్దు గీసుకోవాలి. ఆ వ్రతాన్ని పరిగ్రహ పరిమాణం అంటారు. క్లౌడ్ చేసే మొదటి పని ఆ హద్దును చెరపడం. 2015లో గూగుల్ ఫోటోస్ మొదలైనప్పుడు, కాస్త కుదించిన ఫోటోలు ఎన్నయినా ఉచితంగా పెట్టుకోవచ్చన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు తీసేసి, కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీ ఉచిత వాటా లెక్కలోకి వస్తాయన్నారు. ఆ ఆరేళ్లలో జనానికి పట్టుబడింది ఏదీ పారేయకుండా ఉండే అలవాటు. ఒకే పుట్టినరోజు కేకుకి ముప్పై ఫోటోలుంటే వాటిలో ఒకటి ఏరుకునే శ్రమ తప్పింది, నెలనెలా చందా కట్టే శ్రమ వచ్చింది. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు 41,500 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయని, అది మొత్తం వాడకంలో సుమారు 1.5 శాతమని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. హైదరాబాదులో అమెజాన్ 2022లో తెరిచిన కేంద్రాలకైనా, విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన కేంద్రానికైనా భూమి కావాలి, కరెంటు కావాలి, యంత్రాల వేడి దించే ఏర్పాటు కావాలి. కనుక దీన్ని త్యాగం ఖాతాలో వేయడం కుదరదు. ఇది దాచుకోవడం. దాచుకోవడానికి దాని ధర్మం దానికుంది.

పరుల దగ్గర దాచమని పెట్టే సొమ్మును పాత తెలుగులో ఇల్లడ అనేవాళ్లు. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది రకాల వివాదాల్లో మొదటిది అప్పు, రెండోది ఇదే, నిక్షేపం. యాజ్ఞవల్క్యస్మృతి ఇందులో ఉపనిధి అనేదాన్ని విడిగా నిర్వచిస్తుంది. చూపించి, లెక్కపెట్టి ఇచ్చేది నిక్షేపమైతే, పెట్టెలో పెట్టి మూసి, లోపలేముందో చెప్పకుండా ఇచ్చేది ఉపనిధి. దాన్ని ఎలా ఇచ్చారో అలాగే తిరిగివ్వాలి. రాజు పట్టుకుపోయినా, దైవికంగా నశించినా, దొంగలు ఎత్తుకుపోయినా దాచినవాడి తప్పు లేదు. యజమాని అడిగాక ఇవ్వకుండా నాన్చి, ఆ తర్వాత పోగొడితే మాత్రం దాని విలువా కట్టాలి, అంతే జరిమానా కూడా కట్టాలి. ఇక అడగకుండా దాన్ని వాడుకుని బతికాడా, శిక్ష ఉంది, పైగా దాని మీద గడించినది కూడా కలిపి కక్కాలి. ఈ స్మృతికి కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను, పదమూడో శతాబ్దంలో తిక్కనకు సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కూడా. వర్ణాన్ని బట్టి శిక్ష మార్చే గ్రంథాల నుంచి ధర్మం నేర్చుకోవాలా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ భాగాలను సమర్థించే పని నేను పెట్టుకోను. కానీ ఇల్లడ నియమాలకు పునాది వర్ణం కాదు. ఆ గ్రంథాలతో సంబంధం లేనివాళ్లూ ఇదే చోటికి చేరారు. తనను వెళ్లగొట్టినవాళ్ల సొమ్ము తన దగ్గర దాపుడు ఉండగా, మహమ్మద్ ప్రవక్త మదీనాకు వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లకు ముట్టజెప్పమని అలీని మక్కాలోనే ఉంచారని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా, అప్పగించిన వస్తువును షరతులకు విరుద్ధంగా వాడినవాడు దానికి కలిగిన నష్టం కట్టుకోవాలని 154వ సెక్షన్లో రాసింది. శత్రువుదైనా తిరిగివ్వాలి, అనుమతి లేకుండా వాడుకోకూడదు అన్న రెండు మాటల దగ్గర అందరూ కలుస్తున్నారు.

ఈ కొలతతో క్లౌడ్ కంపెనీని కొలిస్తే మొదట కనిపించేది తాళంచెవి. మామూలు క్లౌడ్ నిల్వలో ఫైళ్లకు తాళం వేస్తారన్నది నిజమే. దారిలోనూ వేస్తారు, సర్వర్లో ఉన్నంతసేపూ వేస్తారు. అయితే తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. మనం ఉపనిధి అనుకుని ఇస్తున్నాం, వాళ్లు నిక్షేపంగా పుచ్చుకుంటున్నారు. పేచీలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. జీమెయిల్ ఉత్తరాల్లోని విషయాన్ని ప్రకటనల కోసం ఇక మీదట చదవబోమని గూగుల్ 2017లో ప్రకటించింది. అంతవరకూ యంత్రాలు చదివేవని దాని అర్థం. పెద్ద ఫైళ్లు పంపుకునే వీట్రాన్స్‌ఫర్ 2025 జులైలో తన నిబంధనల్ని మార్చినప్పుడు, జనం ఎక్కించిన వాటితో కృత్రిమ మేధను తీర్చిదిద్దుకోవచ్చన్న అర్థం వచ్చే మాట అందులో కనబడింది. గగ్గోలు పుట్టాక ఆ మాట తీసేసి, తాము అలాంటి పని చేయడం లేదని చెప్పుకుంది. కంపెనీల తరఫున ఒక వాదం ఉంది: సేవ ఉచితంగా దొరుకుతోంది, ఫైలు ఎక్కడికీ పోవడం లేదు, యంత్రం చదివితే యజమానికి పోయేదేముంది, చదివినందువల్ల అందరికీ మెరుగైన సేవ వస్తుంది కదా? దీనికి జవాబు రామాయణంలో భరతుడి దగ్గర ఉంది. పద్నాలుగేళ్లు నందిగ్రామంలో ఉండి, రాజ్యాన్ని అన్న పెట్టిన ఇల్లడగానే చూసుకుని, రాముడు రాగానే ఖజానాను పదింతలు చేసి మరీ అప్పజెప్పాడు. దాచినవాడు సొమ్మును పెంచకూడదని ధర్మం ఎక్కడా అనలేదు. ఆ పెరిగినది ఎవరిదన్నదే ప్రశ్న. యాజ్ఞవల్క్యుడు లాభంతో సహా తిరిగివ్వమన్నది కూడా అందుకే. వాడుకుని, ఆ వాడకంలో పుట్టిన లాభాన్ని సొంతం చేసుకుని, అసలు చెక్కుచెదరలేదు కదా అనడం ఈ లెక్కలో చెల్లదు.

అగ్నిప్రమాదానికి పాత న్యాయం మినహాయింపు ఇచ్చింది, నిజమే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకుని, ప్రభుత్వోద్యోగులు దస్త్రాలు దాచుకునే జి-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్ల సమాచారం పోయింది. దానికి బయట ఎక్కడా ప్రతి లేదు, అంత పెద్ద నిల్వకు ప్రతి తీయడం కుదరదని వదిలేశారు. ఉద్యోగులు తమ కంప్యూటర్లలో కాకుండా ఆ డ్రైవ్‌లోనే ఫైళ్లు ఉంచాలన్న విధానాన్ని గట్టిగా పాటించిన సిబ్బంది వ్యవహారాల శాఖకే ఎక్కువ దెబ్బ తగిలింది. నిప్పు దైవికమని ఒప్పుకున్నా, ఉన్న ఒక్క ప్రతినీ ఒకే గూట్లో పెట్టింది మనుషులే. ఇల్లడ పుచ్చుకున్నవాడు తన సొంత సొమ్మును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలన్నది చాలా న్యాయాల్లో ఉన్న మాటే. ఈ కథలో నాకు మరింత పట్టేది ఆజ్ఞ పాటించిన ఉద్యోగుల సంగతి. వాళ్ల దగ్గర ఉన్న దస్త్రాలు వాళ్లవి కావు, ప్రజలవి. పైవాళ్లు చెప్పారు, పెట్టాం అన్న మాట ఉద్యోగ నియమావళి ముందు సరిపోతుంది. ఆ దస్త్రంలో పేరున్న మనిషి వచ్చి నా కాగితమేదని అడిగితే సరిపోతుందా?

అసలు సంగతి ఇక్కడుంది. ఇల్లడ నియమాలు ఇంకా వేటికి వర్తిస్తాయో చెబుతూ యాజ్ఞవల్క్యుడు అన్వాహితాన్ని కూడా చేర్చాడు. ఒకరు నా దగ్గర దాచినదాన్ని నేను పట్టుకెళ్లి మరొకరి దగ్గర పెడితే అది అన్వాహితం. మితాక్షర వివరణ ప్రకారం, అలా పెట్టేవాడు దీన్ని అసలు యజమానికి ఇమ్మని చెప్పి మరీ పెడతాడు. అంటే చేతులు మారినా యజమాని పేరు వెంట వెళ్లాలి. ఇప్పుడు సగటు ల్యాప్‌టాప్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డరు తెరవండి. తండ్రి గుండె ఆపరేషన్ నాటి డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది. కుదరకుండా పోయిన సంబంధం వాళ్లు పంపిన అమ్మాయి బయోడేటా ఉంటుంది, ఫోటోతో, జాతకంతో సహా. మేడమీద అద్దెకుండి వెళ్లిపోయిన కుర్రాళ్ల ఆధార్ కార్డుల స్కాన్లు, కాపరం చెడే రోజుల్లో ఒక స్నేహితురాలు గుండె విప్పి రాసిన నాలుగు పేజీల మెయిలు, స్కూలు వార్షికోత్సవంలో మన పిల్లవాడి పక్కన నిలబడ్డ ఇతరుల పిల్లలు, అన్నీ అక్కడే ఉంటాయి. ఆడిటరుదో వకీలుదో అయితే చెప్పనే అక్కర్లేదు. వీటిలో దేనికీ ల్యాప్‌టాప్ కొన్నవాడు యజమాని కాడు. ప్రతిదీ ఒక నమ్మకం మీద, ఒక పని కోసం అతని చేతికొచ్చింది. అప్‌లోడ్ మీట నొక్కినప్పుడు ఇవన్నీ అతని ఒక్కడి ఖాతాలో, అతని ఒక్కడి పేరు మీద వెళ్లిపోతాయి. కంపెనీ నిబంధనలకు ఒప్పుకున్నది అతనొక్కడే. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, ఆ కుర్రాళ్లు ఒప్పుకోలేదు. అన్వాహితంలో ఉండాల్సిన ఒక్క అంశం, అసలు యజమాని పేరు, సరిగ్గా అదే ఇక్కడ రాలిపోయింది.

ఇది వట్టి సూక్ష్మతర్కం కాదనడానికి 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన ఉదంతం ఒకటి చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, పసివాడి మర్మాంగం దగ్గర వాపు వస్తే, డాక్టరు చూడటానికి ఫోన్లో ఫోటోలు తీశాడు. ఫోను వాటిని తనంతట తానే గూగుల్ క్లౌడ్‌లోకి ఎక్కించేసింది. కంపెనీ యంత్రం వాటిని పిల్లల మీద అఘాయిత్యాల చిత్రాలుగా పట్టుకుంది, ఖాతా మూసేశారు, విషయం పోలీసులదాకా వెళ్లింది. నేరమేమీ లేదని పోలీసులు తేల్చినా ఖాతా తిరిగి రాలేదు. బిడ్డ ఒంటికి సంబంధించినంతవరకు ఆ తండ్రి కాపలాదారు. డాక్టరుకి మాత్రమే చూపాలనుకున్నాడు. ఎప్పుడో ఆన్ అయి ఉన్న ఒక సెట్టింగు అతని తరఫున మూడో చేతికి ఇచ్చేసింది. అయితే అవతలి పక్షం బలాన్ని తక్కువచేసి చెప్పడం తప్పు. అలా వెతకడం వల్ల నిజమైన నేరగాళ్లు దొరుకుతున్నారు, నిజమైన పిల్లలు బయటపడుతున్నారు. మూసిన పెట్టెలు దొంగలకూ పనికొస్తాయి. దీనికి పూర్తి పరిష్కారం ఉందని నటించలేను. నా మొగ్గు మాత్రం ఇటు: అనుమానం ఉన్నచోట, న్యాయస్థానం అనుమతితో పెట్టె తెరవడం వేరు, అందరి పెట్టెలూ ముందే తెరిచి ఉంచుకుని అనుమానం కోసం వెతకడం వేరు. రెండోదాన్ని ఒప్పుకునేవాళ్లు కనీసం, పొరపాటని తేలాక సొమ్ము తిరిగివ్వకపోవడాన్ని సమర్థించలేరు.

ఇంట్లోనే ఉంచుకుంటే మేలా మరి అంటే, చాలాసార్లు కాదు. హార్డ్‌డిస్కు అరిగిపోతుంది, ల్యాప్‌టాప్ రైల్లో పోతుంది, వరద నీళ్లు ఇంట్లోకి వస్తే పోర్టబుల్ డిస్కులూ పాస్‌పోర్టులూ కలిసి మునుగుతాయి. ఉన్న ఒక్క ప్రతినీ గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడాన్ని కాపలా అనలేం. వేమన పద్యాలు మనదాకా వచ్చాయంటే ఊరూరా ఎవరో ఒకరు తాటాకుల మీద ఎత్తి రాసుకోబట్టే, బ్రౌన్ వంటివాడు పండితులకు జీతాలిచ్చి ఆ ప్రతుల్ని పోగుచేసి సరిచూడబట్టే. నలుగురి దగ్గర ప్రతులుండటమే కాపాడింది. కాబట్టి దూరాన ఒక ప్రతి ఉంచడం ఇల్లడ ధర్మానికి విరుద్ధం కాదు, ఒక్కోసారి అదే ధర్మం. అయితే దాన్ని ఉపనిధిగా ఉంచాలి. తాళం మన ఇంట్లోనే వేసి, తాళంచెవి మన దగ్గరే పెట్టుకుని, అవతలివాడికి పెట్టె మాత్రం ఇవ్వాలి. అలాంటి సాధనాలు ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి, కొన్ని ఉచితం కూడా. ఫైలు ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే సింకును భద్రత అని భ్రమపడకూడదు. ఇందులో ఉన్న కష్టం చిన్నదేమీ కాదు, పాస్‌వర్డు మరిచిపోతే ఆ పెట్టెను ఎవరూ తెరవలేరు. కష్టం ఉంది కనుకే సామాన్యుడు కంపెనీ చేతిలో తాళంచెవి పెడుతున్నాడు, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. తనవైన ఫోటోలకు అతను ఏ దారి ఎంచుకున్నా అతని ఇష్టం. స్నేహితురాలి ఉత్తరానికి, కుర్రాళ్ల ఆధార్‌కు ఆ ఇష్టం చెల్లదంటున్నాను. ప్రతి ఫోటోకూ అందరినీ అడుగుతూ కూర్చుంటే బతుకు సాగుతుందా అంటే, సాగదు, అంత అడగనూ అక్కర్లేదు. పెళ్లి గుంపు ఫోటోకు ఎవరూ నొచ్చుకోరు. చూసినవాళ్ల వల్ల ఎవరికి నష్టమో ఊహిస్తే చాలు, అడగాల్సినవి వేళ్ల మీద లెక్కకొస్తాయి. వాటిలో సగం అసలు ఉంచుకోనవసరమే లేనివి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన రోజునే వాళ్ల ఆధార్ స్కాను మీద మన హక్కు తీరిపోయింది. దాన్ని చెరిపేయడమే తిరిగివ్వడం.

రాజు పట్టుకుపోతే దాచినవాడి తప్పు లేదన్న నియమం దగ్గర మాత్రం పాత న్యాయం నాకు రుచించదు. అది బలవంతుడి ముందు తలవంచింది. యాపిల్ 2022 చివర్లో, కంపెనీ కూడా తెరవలేనంతగా ఐక్లౌడ్‌ను మూసే ఏర్పాటు తెచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం తమకు దారి కావాలని పట్టుబట్టాక, 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో కొత్తవాళ్లకు ఆ ఏర్పాటునే ఆపేసింది. దొంగచాటుగా తలుపు తీసిపెట్టడం కంటే, ఈ ఊళ్లో ఉపనిధి పుచ్చుకోలేనని బాహాటంగా చెప్పడమే నిజాయతీ అనుకోవచ్చు. ఇచ్చినవాడికి మాత్రం రెండింటిలోనూ దక్కేది తెరిచిన పెట్టే. మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం డేటా పుచ్చుకున్నవాళ్లను నమ్మకస్తుల స్థానంలో నిలిపింది, అదే చట్టం ప్రభుత్వ సంస్థలకు విశాలమైన మినహాయింపులూ ఇచ్చింది. రాజు సంగతి ఇప్పటికీ అలాగే ఉంది.

ఇచ్చినవాడు చనిపోతే? మనుస్మృతికి దీని మీద ఒక స్పష్టత ఉంది. యజమాని బతికుండగా అతని ఇల్లడను వారసుడి చేతికి కూడా ఇవ్వకూడదు. చనిపోయాక, దాచినవాడు తనంతట తాను వారసుడికి తెచ్చిస్తే అతన్ని రాజూ బంధువులూ వేధించకూడదు. క్లౌడ్ కంపెనీలు ఇక్కడికి ఆలస్యంగా చేరాయి. రెండేళ్లు వాడకుండా ఉన్న ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. తన తర్వాత ఎవరికివ్వాలో ముందే చెప్పిపెట్టే వీలు గూగుల్లోనూ యాపిల్లోనూ ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. మన 2023 చట్టం 14వ సెక్షన్లో నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చింది. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాసే మనిషి ఫోటోల ఖాతాకు రాయకపోవడానికి కారణం లేదు. అయితే నామినీ చేతికి ఖాతా వచ్చాక పోయినవాడి ఫోటోలూ, లెక్కలూ వారసత్వంగా వస్తాయి. ఆ మనిషి దగ్గర ఇతరులు దాచినవి వారసత్వం కిందకి రావు. తండ్రి చేసిన అప్పు ఆస్తిలోంచి తీర్చినట్టే, తండ్రి దగ్గరున్న ఇల్లడ కూడా విడిగా తీసి యజమానికి చేర్చాల్సిందే. ఆ ఖాతాలో స్నేహితురాలు రాసిన నాలుగు పేజీల మెయిలు ఉంటే, ఆమె బతికే ఉంటే, తెరిచి చదవడానికి ముందు కొడుకు ఫోన్ చేయవలసింది ఆమెకు.